పెళ్ళి పేజీల అంచు

జూలై 4, 2000. మంగళవారం.

ఈ రోజు నుంచి తేదీ వేసి రాయిస్తున్నాను. తేదీ లేని మాట ఎక్కడా నిలబడదట. ఆ సంగతి చెప్పింది గురునాథం. ఓడరేవు ఆఫీసులో ముప్ఫై ఐదేళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు, మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉంటాడు. వాళ్ళ నాన్న విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడు. ఇతను పుట్టింది ఇక్కడే. మాట్లాడితే మధ్యలో అరవమూ మలాయీ పడతాయి గాని, తెలుగు రాత మాత్రం అచ్చు పుస్తకంలా ఉంటుందని మా ఉమ చెప్పింది. నాకు చదువు రాదు. కాబట్టి చెయ్యి అతనిది, మాట నాది. ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. అడిగిన రోజున నేను తడుముకోకుండా ఉండటానికి.

నా పేరు నూకాలమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. పెడనలో నలభై రెండేళ్ళు అద్దకం బల్ల ముందు నిలబడ్డాను. మా ఆయన పోయాక, బల్ల అమ్మేశాక, నా కూతురు ఉమ నన్ను ఈ పరాయి దేశానికి, బెడోక్‌ పేటలో తను అద్దెకుంటున్న ఫ్లాట్‌కి తెచ్చుకుంది. ఉమ వెబ్ పేజీలు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. పేజీల వెనక పరిచే బొమ్మలు, వాటి అంచులు దాని పని.

ఒక పెద్ద హోటల్ వాళ్ళు పెళ్ళి విందుల కోసం పేజీలు చేయించుకున్నారు. అంచు వేసింది ఉమ. పేజీలు లోకానికి తెరిచిన పూట, ఆ అంచు పొడుగునా నల్లచుక్కలు కనబడ్డాయి. పైనించి కిందదాకా, చీమల బారులాగా. చీనా వాళ్ళ పెళ్ళిలో నలుపు చూపించకూడదు. ఎవరో పెళ్ళికూతురి తల్లి హోటల్‌కి ఫోన్ చేసి ఏడ్చిందట. హోటల్ వాళ్ళు పనంతా వెనక్కి తీసేసుకున్నారు. ఇప్పుడు కంపెనీలో ఒకరిని తీసేస్తారు. ఉద్యోగం పోయిన మాలాంటి బయటి దేశం వాళ్ళు ముప్ఫై రోజుల్లో దేశం వదిలిపోవాలి.

ఆ ఒక్కరు ఉమ కాకూడదు. అంచు ఉమది. చుక్కలు ఉమవి కావు. నా కేసు ఇదే.

జూలై 5, బుధవారం.

అంచు ఎలా తయారవుతుందో గురునాథానికి తెలియదు. తెలియకుండా రాస్తే తప్పులు పోతాయి. కాబట్టి ఇది.

ఉమ పేజీ అంత బొమ్మ గీయదు. ఒక సన్న పట్టీ గీస్తుంది. అడ్డం పన్నెండు వందలు, నిలువు వంద. ఏమిటి పన్నెండు వందలు అంటే, తెర మీద నలుసులు అనుకో. ఎడమ చివర అంచు ఉంటుంది, మిగతాదంతా నేల, లేత గంధం రంగు. ఆ పట్టీనే కంప్యూటరు తనంతట తాను ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతుంది, పేజీ ఎంత పొడుగుంటే అంత. పట్టీ అంత వెడల్పు ఎందుకంటే, ఇరుకు చేస్తే పెద్ద తెర ఉన్నవాళ్ళకి కుడిపక్కన అంచు మళ్ళీ మొదలవుతుంది. వెడల్పు పన్నా చాలని గుడ్డకి అతుకు వేసినట్టు.

మొదటిసారి ఉమ గీసింది చూసి నేను నవ్వాను. తీగ పైన మొదలైన చోటికీ కింద ఆగిన చోటికీ పొంతన లేదు. పేర్చితే ప్రతి వంద నలుసులకీ ఒక గంటు. అచ్చు చెక్కేవాడు ముందు తీగ తోక చెక్కి, అక్కడినుంచి తలకి వస్తాడని చెప్పాను. అలాగే చేసింది. గంటు మాయమైంది. "నువ్వు మా ఆఫీసులో ఉండాల్సినదానివమ్మా" అంది. ఆ వారం మా ఇద్దరికీ ఎంత బాగుందో.

ఆ పట్టీ అచ్చులాంటిదని, అచ్చు మీద పడ్డ మచ్చ గుడ్డంతా పడుతుందని ఈ ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇది గట్టిగా రాయి.

జూలై 6.

ఉమ అన్నం తినలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ హోటల్ పేజీనే చూస్తోంది. నేను దాని వెనక వెళ్ళి నిలబడేసరికి తెర ఆపేసింది.

జూలై 8, శనివారం.

జూన్ 24 సంగతి. అదీ శనివారమే.

ఆఫీసులో వేళ చాలక ఉమ పట్టీని ఫ్లాపీలో ఇంటికి తెచ్చుకుంది. మాకు కంప్యూటరు పెట్టుకోవడానికి వేరే చోటు లేదు, అన్నం తినే బల్ల మీదే ఉంటుంది. పదకొండున్నరకి పని అయిపోయింది. ఉమ స్నానానికి వెళ్ళింది. వచ్చి, పట్టీని ఫ్లాపీలో ఎక్కించింది. పన్నెండున్నరకి మహీధర్ వచ్చాడు.

మహీధర్ ఆ కంపెనీలోనే పని చేస్తాడు. కరీంనగర్ పిల్లాడు, ఇరవై ఏడేళ్ళుంటాయి. ఉమ చేసిన బొమ్మలు తీసుకుని పేజీల్లో కూర్చడం, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం అతని పని. ఆ రోజు ఫ్లాపీ తీసుకుపోవడానికి వచ్చాడు. నేనే తిని వెళ్ళమన్నాను. తోటకూర పప్పు, ఎండు నెత్తళ్ళు. ఉమ వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. అప్పుడు మహీధర్ చెయ్యి మౌస్ మీద పడింది. నా కళ్ళతో చూశాను.

"మౌస్‌తో ఏం చేశాడక్కా?" అన్నాడు గురునాథం.

"పక్కకి జరిపాడు."

"ఎందుకు?"

"కంచం పెట్టుకోవడానికి."

"అక్కా, దానికీ చుక్కలకీ..."

"చెయ్యి పడిందా లేదా? పడింది. రాయి."

రాశాడు. రాస్తూ ఒకటి అడిగాడు. ఉమ స్నానానికి వెళ్ళినప్పుడు హాల్లో ఎవరున్నారని. నేనే ఉన్నాను. ఇంకెవరుంటారు. ఆ పావుగంటలో చెప్పడానికి ఏమీ లేదు.

జూలై 11.

ఆఫీసులో ఉమనీ మహీధర్‌నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారట. తన పట్టీ శుభ్రంగా ఉందని ఉమ చెప్పింది. పట్టీ వచ్చినట్టే పెట్టానని మహీధర్ చెప్పాడు. మరి చూసి సంతకం పెట్టావు కదా అంటే, హోటల్ వాళ్ళు సాయంత్రానికల్లా కావాలన్నారు, ఉమక్క పని ఎప్పుడూ తప్పు పోదని తెరిచి చూడలేదు అన్నాడట. చూశారా. చూడకుండా సంతకం పెట్టినవాడు ఇంకేమైనా చేస్తాడు.

నేను ఆఫీసుకి వచ్చి చెప్తానన్నాను. ఉమ వద్దంది. గట్టిగా అనలేదు.

జూలై 14, శుక్రవారం.

ఈ రోజు వెళ్ళాం, నేనూ గురునాథమూ. ఉమకి చెప్పలేదు. రైలెక్కి టాంజాంగ్ పగార్‌లో దిగాం. పన్నెండో అంతస్తు. చలి. నా చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను.

వాళ్ళ మేనేజరు మిస్ లిమ్. నలభై లోపే. నన్ను చూసి లేచి నిలబడి, "ఆంటీ, సిట్ లా, సిట్" అంది. మర్యాద తెలిసిన మనిషి. నేను కూర్చోలేదు. కూర్చుంటే నా మాట కూడా కూర్చుంటుంది. నేను చెప్తుంటే గురునాథం ఇంగ్లీషులోకి మార్చాడు. జూన్ 24, పన్నెండున్నర, బల్ల, మౌస్, చెయ్యి. మీరు చూశారా అని అడిగింది. చూశానన్నాను.

మహీధర్‌ని పిలిచింది. అతనొచ్చి నన్ను చూసి నవ్వాడు, పలకరించబోతూ. విన్నాక ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు.

"పెద్దమ్మా, గట్ల చెప్తున్నరేంది? నేను కంచం పెట్టుకున్న అంతే."

"నీ చెయ్యి మౌస్ మీద పడిందా లేదా?"

"పడ్డది."

"అదే నేను చెప్తున్నది."

అద్దం తలుపు అవతల ఉమ నిలబడి ఉంది. మా మాటలు వినబడుతున్నాయి. లోపలికి వచ్చి ఒక్క మాట అంటే ఆ పూట వేరేగా ఉండేది. అనలేదు. నేను చెప్పింది నిజం కాబట్టే అనలేదు.

జూలై 15.

గురునాథం కింద రాతి బల్ల దగ్గర టీ తాగుతూ, "గెలిచినట్టే ఉందక్కా, కాని నాకు నిద్ర పట్టలేదు" అన్నాడు. ముసలితనం, నిద్ర పట్టదు అన్నాను.

జూలై 21, శుక్రవారం.

మహీధర్‌ని తీసేశారు. ఆగస్టు 20 లోగా వెళ్ళిపోవాలి. ఉమ ఉద్యోగం నిలబడింది.

కేసు గెలిచాను. సేమియా పాయసం చేశాను. ఉమ ఆఫీసు నుంచి వచ్చి, గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టింది.

జూలై 23, ఆదివారం.

మహీధర్ వచ్చాడు. నేను తలుపు తీసి ఇనుప గేటు తీయకుండా నిలబడ్డాను. తిట్టడానికి వచ్చాడనుకున్నాను, తిడితే ఎదురు తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. చేతిలో మా స్టీలు క్యారేజీ ఉంది. ఎప్పుడో ఉమ అతనికి కూర పంపించిన క్యారేజీ. కడిగి, తుడిచి తెచ్చాడు.

ఉమ గదిలోనే ఉంది. బయటికి రాలేదు.

గేటు సందులోంచి క్యారేజీ ఇచ్చాడు. అక్టోబరులో భార్యని తెచ్చుకుందామని సెరంగూన్‌లో గది మాట్లాడుకున్నాడు, అది వదులుకున్నాడట. ఇక్కడ ఇలా తీసేశారని రాస్తే ఇంకో కంపెనీ తీసుకోదట. ఇదంతా చెప్పుకుని ఏడవడానికి వచ్చాడేమో అనుకున్నాను. చెప్పాడు, ఏడవలేదు. తర్వాత అన్నాడు:

"పెద్దమ్మా, మీరు చెప్పినంక నేను మస్తు ఆలోచించిన. మౌస్ జరిపేటప్పుడు నా వేలు నొక్కిందో ఏమో. నాకే తెల్వకుంట. మీరు ఉత్తగ చెప్పరు గద. నా చెయ్యే అయ్యుంటది."

నేను లోపలికి వచ్చి క్యారేజీ గట్టు మీద పెట్టాను. పెట్టేటప్పుడు గిన్నెలు విడిపోయి కింద పడ్డాయి. వంగి తీయడానికి చాలాసేపు పట్టింది.

జూలై 24.

రాయించడానికి ఏమీ లేదు.

జూలై 25.

ఏమీ లేదు.

జూలై 27.

గురునాథం మళ్ళీ ఆ పావుగంట గురించి అడిగాడు. నీ పని రాయడం, అడగడం కాదు అన్నాను. "సరిలే, నేను రాసే యంత్రమే, యంత్రానికీ చెవులుంటాయక్కా" అన్నాడు. పుస్తకం లాక్కుని పైకి వచ్చేశాను.

ఈ నాలుగు మాటలూ ఆగస్టు 2న చెప్పి పాత తేదీ కింద వేయించాను. ఆరు రోజులు అతన్ని పిలవలేదు.

ఆగస్టు 2, బుధవారం.

మొదట్నించీ చెప్తాను. మధ్యలో అడ్డు రావద్దు.

మా అమ్మకి ఒక అలవాటు ఉండేది. గుడ్డ మీద పని మరీ బాగా వచ్చిందనుకో, ఒక్క తప్పు లేకుండా వచ్చిందనుకో, ఆ గుడ్డ ఎండేలోపు, ఒక మూల, అంచు చివరి ఆకు కింద, బెల్లమూ ఇనుప తుప్పూ ఊరబెట్టిన నల్లరంగులో చిటికెన వేలు ముంచి ఒక చుక్క పెట్టేది. చంటిపిల్లకి బుగ్గ మీద పెట్టినట్టు, దిష్టి తగలకుండా. నాకూ అదే అలవాటైంది. నలభై రెండేళ్ళు పెట్టాను. కొన్న షావుకార్లు ఎవరూ దాన్ని చూడలేదు. చూసినా రంగు చిందిందనుకునేవారు.

ఉమ నాకు మధ్యాహ్నాలు తోచదని ఆ బొమ్మలు గీసే కంప్యూటరులో గీతలు గీయడం నేర్పింది. మౌస్ పట్టుకోవడం, బ్రష్ తీసుకోవడం, రంగు ఎంచుకోవడం. అక్షరాలు అక్కర్లేదు, రంగుల గళ్ళు వరసగా ఉంటాయి. ముగ్గులు వేసేదాన్ని. నేను మౌస్ పట్టుకోగలనని ఉమకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ నేను రాయించలేదు.

జూన్ 24న ఉమ పని పూర్తి చేసింది. అతుకు కలిసిందో లేదో ఆఖరుసారి చూసుకోవడానికి పట్టీని ఎనిమిది రెట్లు పెద్దది చేసింది. అలా వదిలేసి స్నానానికి వెళ్ళింది. తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా అంచే. దానిమ్మ ఎరుపు తీగ, తీగ మధ్య బంగారు రంగు పువ్వు. పరిచిన గుడ్డలాగే ఉంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఒక్క తప్పు లేదు. నా కూతురు చేసింది. కొత్త దేశంలో, పరాయివాళ్ళ పెళ్ళిళ్ళకి, మా బల్ల మీది తీగ వెళ్తోంది. ఎవరి కళ్ళు పడతాయో అని భయం వేసింది.

నల్లరంగు గడి ఎంచుకుని, చివరి ఆకు కింద ఒక చుక్క పెట్టాను.

ఉమ తల తుడుచుకుంటూ వచ్చి, బొమ్మని మళ్ళీ చిన్నది చేసి, ఫ్లాపీలో ఎక్కించింది. చిన్నదయ్యాక ఆ చుక్క గసగసాల గింజంత కూడా లేదు. ఉమ చూడలేదు. నేను చెప్పలేదు. చెప్పకూడదు, చెప్తే దిష్టిచుక్క పని చేయదు.

నేను గుడ్డ మీద పెట్టాననుకున్నాను. అచ్చు మీద పెట్టాను.

బుద్ధి ఉన్నవాళ్ళెవరూ అచ్చు మీద పెట్టరు.

గురునాథం కలం ఆపేశాడు. ఆపకు అన్నాను.

ఆగస్టు 3.

నిన్న రాయించింది చింపేద్దామని పొద్దున్న పుస్తకం పట్టుకున్నాను. ఏ పేజీలో ఉందో నాకు తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఆగస్టు 6, ఆదివారం.

ఉమకి చెప్పాను. బట్టలు ఆరేసే వెదురు గడ అందుకుంటూ, కిటికీ దగ్గర. చెప్తే కూలిపోతుందనుకున్నాను. ఒక తువ్వాలు తీసి గడకి తగిలించి, ముడతలు లాగి, క్లిప్పు పెట్టింది.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఎప్పుడు?"

"ఆ పేజీ తెరిచిన రోజే. చివరి ఆకు కింద నల్లచుక్క. నా చిన్నప్పటి గౌన్లన్నిటికీ ఉండేది. ఇంకెవరు పెడతారు?"

అడిగాను, మరి నేను ఆ పిల్లాడి మీద చెప్తుంటే తలుపు అవతల ఎందుకు ఊరుకున్నావని.

"నువ్వు చెప్తున్నావు కదా అని."

అంతే అంది. క్లిప్పులు అయిపోతే ఇంకా తెచ్చుకుని మిగతా బట్టలు ఆరేసింది.

తర్వాత వంటింట్లోకి వచ్చి, నా ముందు కింద కూర్చుంది. క్లయింటు పని ఇంటికి తీసుకెళ్ళనని తను సంతకం పెట్టిందట. నేను చెప్తే తన ఉద్యోగం పోతుంది, ఇద్దరం వెళ్ళిపోవాలి, పెడనలో మాకు ఇల్లు కూడా లేదు. మహీధర్ మగపిల్లాడు, చదువుకున్నవాడు, ఎక్కడైనా బతుకుతాడు. ఇదంతా ఆఫీసులో కాగితం చదివినట్టు, తల వంచుకుని చెప్పింది. ఆఖర్న, "అమ్మా, ప్లీజ్" అంది.

నేను సరేనన్నాను.

ఆగస్టు 9.

వీళ్ళ దేశం పుట్టినరోజు. ప్రతి ఫ్లాట్ గోడకీ జెండా వేలాడుతోంది. పైన విమానాలు తిరుగుతుంటే పిల్లలు కేకలు వేస్తున్నారు. ఉమ సెలవు రోజున కూడా కంప్యూటరు ముందు కూర్చుని ఏదో బ్యాంకు పేజీకి అంచు గీస్తోంది. నేను హాల్లోకి వెళ్తే బొమ్మ మీద ఇంకో కిటికీ తెరిచి కప్పేస్తోంది.

ఆగస్టు 12.

ఉమకి సరేనన్నాను. సరేనన్నాక ఇంకేముంది.

ఆగస్టు 13.

మహీధర్ బెడోక్ మార్కెట్‌లో కనబడ్డాడట, గురునాథం చెప్పాడు. పెట్టెలు కట్టడానికి తాడు కొంటున్నాడట. ఇతన్ని చూసి, కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఈ చెయ్యి ఇంక మౌస్ ముట్టదు అంకుల్" అని నవ్వాడట.

నా చెయ్యి చేసిన పని ఆ పిల్లాడు తన చేతికి అంటించుకుని పోతున్నాడు. పని చేసుకుని బతికేవాడికి చెయ్యి మీద నమ్మకం పోతే ఏముంటుంది? బల్ల దగ్గర చూశాను. ఒక్కసారి చెయ్యి వణికిందని మేస్త్రీ అంటే, మా ఆడపడుచు కోటేశ్వరి మళ్ళీ అచ్చు పట్టలేదు. ఇరవై రెండేళ్ళది. ఆ తర్వాత నలభై ఏళ్ళూ గిన్నెలే తోముకుంది.

ఆగస్టు 16, బుధవారం.

గురునాథాన్ని తీసుకుని వెళ్ళాను. దారిలో అతను ఒక్కసారి అడిగాడు, "ఉమకి చెప్పావా అక్కా" అని. లేదన్నాను.

మిస్ లిమ్ ఈసారి కూర్చోమనలేదు. మర్చిపోయిందో, విసిగిందో. నేను చెప్పాను. జూన్ 24, పదకొండున్నర తర్వాత, ఉమ స్నానానికి వెళ్ళిన పావుగంటలో, నేను. వాళ్ళ పిల్లాడు కాదు. అతని చెయ్యి మౌస్‌ని జరిపింది, అంతే. గురునాథం చెప్పడం అయ్యాక ఆవిడ అతన్నే అడిగింది, ఈ ఆంటీకి చదువు రాదు కదా, మౌస్ పట్టుకోవడం వచ్చా అని. ఆ పిల్లాడి మీద జాలిపడి చెప్తోందనుకుంది. ఎవరైనా చెప్పమన్నారా అని కూడా అడిగింది.

"ఆ పట్టీ తెరవమను" అన్నాను.

ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మచ్చలేని పాత పట్టీ ఆఫీసులో ఉమ కంప్యూటరులో ఉంటే తెప్పించారు. ఉమ వెనకాలే వచ్చింది. నేను తల తిప్పలేదు. ఎనిమిది రెట్లు పెద్దది చేయమన్నాను. చేశారు. అప్పటికి ఆ గదిలో ఎనిమిది మందో పదిమందో చేరారు. మౌస్ చల్లగా ఉంది. బ్రష్ తీసుకున్నాను, నల్లగడి తీసుకున్నాను, చివరి ఆకు తొడిమ కింద చుక్క పెట్టాను. చెయ్యి వణకలేదు.

మిస్ లిమ్ దాన్ని పేజీ నిండా పరిచింది. హోటల్ వాళ్ళు తిరగ్గొట్టిన పేజీని పక్కనే తెరిచింది. రెండు బారులూ పక్కపక్కన నిలబడ్డాయి. వేలు పెట్టి ఇక్కడొకటి, అక్కడొకటి చూసుకుంటూ కిందదాకా వెళ్ళింది.

"వై, ఆంటీ?" అంది.

గురునాథం దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆవిడ విని, వాళ్ళ అమ్మమ్మ కూడా ఏవేవో కట్టేదని, పెట్టేదని అంది. ఒక్క క్షణం మెత్తబడిందనుకున్నాను. తర్వాత ఉమ వైపు తిరిగి, ఈ పని ఆఫీసు దాటి ఇంటికి ఎలా వెళ్ళిందని అడిగింది.

ఉమ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. చిన్న జవాబు. గురునాథం అది నాకు మార్చి చెప్పలేదు. నేను అడగలేదు.

నేను అడిగింది ఒకటే. మహీధర్ తప్పు చేయలేదని కాగితం రాసి అతని చేతికివ్వాలని, అతను విమానం ఎక్కేలోపు. తీసేసింది తీసేసినట్టేనట, చూడకుండా సంతకం పెట్టింది నిజమే కదా అంది. కాని చుక్క అతనిది కాదని రాసిస్తానంది. రాసి, ముద్ర వేసి, మా ముందే కవరులో పెట్టింది.

ఆగస్టు 18.

గురునాథం కవరు తీసుకెళ్ళి మహీధర్‌కి ఇచ్చాడు. చదివి, మళ్ళీ కవరులో పెట్టి, తను సర్దుకున్న సర్టిఫికెట్ల మధ్య పెట్టుకున్నాడట. నన్నేమైనా అన్నాడా అని అడిగాను. "ఏమీ అనలేదక్కా. మకాన్ అయ్యిందా, అన్నం తిన్నావా అని నన్నడిగాడు, అంతే" అన్నాడు.

పాత పేజీల్లో నేను చెప్పిన అబద్ధాలు కొట్టేయమంటావా అని గురునాథం అడిగాడు. వద్దన్నాను. వాటికీ తేదీలున్నాయి.

ఆగస్టు 20.

ఈ రోజు ఆ పిల్లాడు వెళ్ళిపోయాడు.

ఆగస్టు 22.

ఉమ నాతో మాట్లాడి ఆరు రోజులు. వండింది తింటుంది. కంచం కడిగి పెడుతుంది. తిట్టు అన్నాను, ఒకసారి తిట్టు అని. పక్కనించి వెళ్ళిపోయింది.

ఆగస్టు 25, శుక్రవారం.

సాయంత్రం ఉమ ఆఫీసు నుంచి వచ్చి, కంప్యూటరు పక్కన బల్ల మీద ఒక కాగితం పెట్టి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చదివి చెప్పలేదు. నాకు చదువు రాదని దానికి తెలుసు.

కాగితం పట్టుకుని కిందికి వచ్చాను. గురునాథం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ముప్ఫై రోజులు. సెప్టెంబరు 24 లోగా ఇద్దరం వెళ్ళిపోవాలి. కారణం కూడా రాశారా అని అడిగాను. రాశారన్నాడు. హోటల్ పేజీల అంచు పాడైనందుకు, బాధ్యురాలు ఉమ.

నా పేరు ఎక్కడుందో చూపించమన్నాను. మళ్ళీ చదివాడు. లేదన్నాడు. నేను ఆఫీసుకి వెళ్ళింది, మౌస్ పట్టుకుంది, అందరి ముందూ చుక్క పెట్టింది, అది ఎక్కడైనా ఉందేమో వెనక వైపు తిప్పి చూడమన్నాను. తిప్పాడు. వెనక వైపు తెల్లగా ఉంది.

ఇంకోసారి చదవమన్నాను. మెల్లగా, ప్రతి మాట మీదా వేలు పెట్టి చదివాడు. ఉమ పేరు దగ్గర వేలు ఆపమన్నాను. ఆ అక్షరాలు ఎలా ఉన్నాయో చూశాను. మూడుచోట్ల ఉన్నాయి. వేరే పేరు లేదు.